ఎంత ఖర్చు పెడితే ఎవరూ మన మీదికి రారు? రక్షణ బడ్జెట్‌పై చర్చ

భద్రకాళి_బండ్ · హన్మకొండ · శనివారం రాత్రి 9.10

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో ఒక జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. మొన్న కేంద్ర బడ్జెట్ పాఠం చెప్తుంటే సెకండియర్ అమ్మాయి ఒకరు లేచి, "సార్, ఎంత ఖర్చు పెడితే ఎవరూ మన మీదికి రారు?" అని అడిగింది. బోర్డు మీద పద్దులు, శాతాలు అన్నీ రాసి ఉన్నాయి. వాటిలో దేన్ని చూపించినా ఆమె అడిగినదానికి జవాబు కాదు. సోమవారం చెప్తానన్నాను. రెండు రోజులుగా అదే ఆలోచన.

నా దగ్గరున్న లెక్కలు ఇవి. 2025-26 బడ్జెట్‌లో రక్షణ శాఖకు 6.81 లక్షల కోట్లు, మొత్తం బడ్జెట్‌లో 13.45 శాతం. తెలంగాణ రాష్ట్ర బడ్జెట్ అదే ఏడాది సుమారు 3.05 లక్షల కోట్లు కాబట్టి, రెండు తెలంగాణ బడ్జెట్‌లు కలిపినా దానికి తక్కువే. జీడీపీతో పోలిస్తే రెండు శాతం కంటే కాస్త తక్కువ. పార్లమెంటు స్థాయీ సంఘం మూడు శాతం ఉండాలని పలుమార్లు సిఫారసు చేసింది. నాటో దేశాలు 2014లో రెండు శాతం అనుకున్నాయి. 2025 జూన్‌లో హేగ్‌లో కూర్చుని 2035 నాటికి అయిదు శాతం అన్నాయి. రెండు, మూడు, అయిదు. ఏ అంకె దగ్గర శత్రువు ఆగిపోతాడు? ఈ వేదికలో సైన్యంలో పనిచేసిన వాళ్లు, లెక్కలు తెలిసిన వాళ్లు ఉన్నారు. ఆ అమ్మాయికి నిజాయితీగా ఏం చెప్పాలో సాయం చేయండి.


కరీంనగర్_పద్దులు · కరీంనగర్ · శనివారం రాత్రి 9.48

సార్, ముందు ఆ 6.81 లక్షల కోట్లను విడగొట్టి చూడాలి. అంతా తుపాకులకే పోతుందని చాలామంది అనుకుంటారు. జీతాలు, రేషన్, ఇంధనం, మరమ్మతులు లాంటి రోజువారీ ఖర్చు 3.11 లక్షల కోట్లు. కొత్త విమానాలు, ఓడలు, ఫిరంగులు కొనే మూలధనం 1.80 లక్షల కోట్లు. పెన్షన్లు 1.61 లక్షల కోట్లు. మిగతాది శాఖలోని ఇతర ఖర్చులు. కొత్త ఆయుధానికి పెట్టేది ఎంతో, రిటైరైన వాళ్లకు ఇచ్చేది కూడా దాదాపు అంతే. పెన్షన్ వద్దని నేను అనడం లేదు, అది వాళ్ల కష్టార్జితం. కానీ "బడ్జెట్ పెరిగింది, బలం పెరిగింది" అని ఒక్క మాటలో చెప్పేస్తే తప్పు.

ఇంకో సంగతి. శాతం వేరు, రూపాయి వేరు. స్టాక్‌హోమ్ శాంతి పరిశోధన సంస్థ లెక్కలో 2024లో చైనా ఖర్చు 314 బిలియన్ డాలర్లు, మనది 86. శాతంగా చూస్తే చైనా రెండుకు తక్కువే పెడుతోంది. వాళ్ల జీడీపీ పెద్దది కాబట్టి ఆ చిన్న శాతమే మన ఖర్చుకు మూడున్నర రెట్లయింది. మనం రేపు మూడు శాతానికి పెంచినా వాళ్ల ఖర్చులో సగానికి కూడా చేరం. వాళ్లతో సమానంగా ఖర్చు పెట్టి ఆపాలంటే ఆ దారి మనకు లేదు.

నూట నలభై అయిదు కోట్ల మందికి పంచితే మనిషికి ఏడాదికి సుమారు 4,700 రూపాయలు. నలుగురున్న ఇంటికి 18,800. పిల్లలకు అంకె ఇలా చెప్తే అర్థమవుతుంది.


నర్సంపేట_మక్కచేను · నర్సంపేట · శనివారం రాత్రి 10.15

ఇంటికి 18,800 అంటే నాకు ఒక ఎకరం మక్క పెట్టుబడిలో పెద్ద భాగం. ఆగస్టులో యూరియా కోసం తెల్లవారుజామున నాలుగింటికి పోయి చెప్పులు లైన్లో పెట్టి కూర్చున్న. రెండు బస్తాలకు రెండు రోజులు. మా ఊరి పిల్లలు ఆరుగురు ఆర్మీలో ఉన్నరు, వాళ్ల మీద నాకు ఒక్క మాట లేదు. కానీ ఎంత చాలు అని అడిగే హక్కు ఆ 18,800 కట్టే ఇంటికి ఉంటదా లేదా? ఎప్పుడు చూసినా ఇంకా కావాలి, ఇంకా కావాలి అంటరు. చాలు అని ఎవరన్న చెప్పిన రోజు ఉందా?


పరకాల_హవల్దార్ · పరకాల · శనివారం రాత్రి 11.30

రైతు అన్న అడిగింది న్యాయమైన మాట. నేను పదిహేడేళ్లు చేసి హవల్దార్‌గా దిగిన. రెండు సార్లు కశ్మీర్ నియంత్రణ రేఖ మీద, ఒకసారి అరుణాచల్‌లో. బడ్జెట్ నాకు తెల్వదు. అవతలోడు దేనికి జంకుతడో మాత్రం కొంచెం తెలుసు.

అవతలి పోస్టులో దుర్భిణి పట్టుకుని కూర్చున్నోడు మన దగ్గర ఎన్ని కోట్లున్నయో చూడడు. ఎన్ని బంకర్ల నుంచి పొగ లేస్తుంది, చూస్తడు. గస్తీ రోజూ ఒకటే టైముకు వస్తుందా, మారుతుందా, చూస్తడు. వాన పడ్డంక రోడ్డు తెగితే ఎన్ని రోజులకు బాగు చేసిన్రు, రాత్రి ఒక్క రౌండ్ పేలితే మన దిక్కు నుంచి ఎంత సేపట్ల జవాబు వచ్చింది, ఇవి రాసుకుంటడు. మేము కూడా వాళ్లవి అట్లనే రాసుకునేటోళ్లం. ఏడాది పొడుగునా రాసిన ఆ నోట్‌బుక్కే వాళ్ల పెద్ద ఆఫీసర్ టేబుల్ మీదికి పోతది. వీళ్ల మీదికి పోవచ్చా వద్దా అని అక్కడ తేలుతది.

కార్గిల్ గుర్తు చేసుకోండి. అప్పట్ల చలికాలం ఆ ఎత్తుల మీద పోస్టులు ఖాళీ చేసి కిందికి దిగుడు రెండు వైపులా ఆనవాయితీ. మంచులో మనిషిని నిలబెట్టాలంటే మస్తు ఖర్చు, ప్రాణాలు కూడా పోతయ్. 1999లో వాళ్లు ఆ ఖాళీలోకే ఎక్కి కూర్చున్నరు. దించడానికి 527 మంది జవాన్లను పోగొట్టుకున్నం. దాని తర్వాతనే లేహ్‌లో 14వ కోర్ అనే పెద్ద సైనిక దళం పెట్టిన్రు, చలికాలం కూడా మనుషులు ఉంటున్నరు. చలికాలం కాపలాకు అయ్యే ఖర్చు ఎక్కువనే. కానీ కార్గిల్ ముందు ఆ మిగులు చూసి ఎవరూ "ఇది ప్రమాదం" అనలేదు. మిగిలిన పైసలు కాగితం మీద కనపడతయ్, తెరిచిన తలుపు కనపడదు.

అందుకే అన్నా, చాలు అనేది ఒక్క అంకె కాదు. అవతలోడి నోట్‌బుక్‌లో ఖాళీ దొరకకపోతే చాలినట్టు.


సుబేదారి_పాఠకురాలు · హన్మకొండ · శనివారం రాత్రి 11.52

హవల్దార్ కాకా, ఆ నోట్‌బుక్ మాట చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. కానీ ఒక సందేహం. 1998 మేలో పోఖ్రాన్‌లో అణుపరీక్షలు చేశాం. ఏడాది తిరగకుండానే కార్గిల్ వచ్చింది. అణుబాంబు ఉన్నాక ఎవరూ రారని కదా అనుకుంటాం? మరి అంత పెద్ద ఆయుధం ఆపలేనిదాన్ని ఇంకేం ఆపుతుంది?


పరకాల_హవల్దార్ · పరకాల · ఆదివారం ఉదయం 6.20

బిడ్డా, బాంబు ఢిల్లీని, ఇస్లామాబాద్‌ను కాపాడుతది. టైగర్ హిల్‌ను కాపాడదు. ఒక శిఖరం పోయిందని ఎవరూ బాంబు వెయ్యరు, అది వాళ్లకు తెలుసు. చిన్న చిన్నగా కొరుక్కుంటూ పోతే మనం పెద్ద ఆయుధం తియ్యలేమని లెక్క వేసుకున్నరు. చిన్నదానికి చిన్న జవాబు, మధ్యదానికి మధ్య జవాబు చేతిల ఉండాలె. ఖర్చంతా అక్కడనే వస్తది.


కరీంనగర్_పద్దులు · కరీంనగర్ · ఆదివారం ఉదయం 8.05

హవల్దార్ గారు చెప్పిన తెరిచిన తలుపుకు బయటి దేశం ఉదాహరణ ఒకటి ఉంది. 1981లో బ్రిటన్ ఖర్చు తగ్గించుకునే పనిలో దక్షిణ అట్లాంటిక్‌లో తిరిగే ఎండ్యూరెన్స్ అనే ఒకే ఒక్క గస్తీ ఓడను వెనక్కి తెస్తామని ప్రకటించింది. ఫాక్‌లాండ్ దీవుల మీద కన్నేసిన అర్జెంటీనా సైనిక పాలకులు దాన్ని బ్రిటన్‌కు ఈ దీవుల మీద మనసు లేదనడానికి గుర్తుగా తీసుకున్నారు. 1982 ఏప్రిల్ 2న దిగారు. పది వారాల యుద్ధం, బ్రిటన్ వైపు 255 మంది, అర్జెంటీనా వైపు 649 మంది చనిపోయారు. బ్రిటన్ అప్పుడు కూడా అణు దేశమే, రక్షణకు అర్జెంటీనా కన్నా ఎన్నో రెట్లు ఖర్చు పెట్టే దేశమే. యుద్ధానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి, ఒక్క ఓడ వల్లే వచ్చిందని నేను అనను. కానీ మొత్తం బడ్జెట్ పెద్దదై కూడా అవసరమైన చోట ఒక చిన్న పద్దు కొట్టేస్తే ఎలా ఉంటుందో అది చూపించింది.


శాంతి_బాట · నిజామాబాద్ · ఆదివారం ఉదయం 9.30

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు, నేను ఇంకో వైపు చెప్పాలి. పాకిస్తాన్ 2024లో దాదాపు 10 బిలియన్ డాలర్లు పెట్టింది, మనం 86. ఎనిమిది రెట్లు పైనే. అయినా 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని చంపారు. ఇంత ఖర్చు వాళ్లను ఆపిందా?

మనం ఒక విమానం కొంటే అవతలి దేశం ఒక క్షిపణి కొంటుంది. దాన్ని చూసి మనం రాడార్ కొంటాం. మనది రక్షణ కోసమే అని మనకు తెలుసు, వాళ్లకు అది దాడి కోసం అనిపిస్తుంది. 2025 మేలో మనకూ వాళ్లకూ యుద్ధం అయ్యాక పాకిస్తాన్ తన రక్షణ బడ్జెట్‌ను 20 శాతం పెంచుకుంది. ఐఎంఎఫ్ అప్పు మీద నడిచే దేశం అది! అక్కడి నర్సంపేట రైతు గతి ఏమిటి? సోవియట్ యూనియన్ దగ్గర వేల కొద్దీ అణ్వాయుధాలు, లక్షల సైన్యం ఉన్నాయి. 1991లో ఒక్క తూటా బయటి నుంచి పడకుండానే దేశం విడిపోయింది. షాపుల్లో రొట్టె కోసం లైన్లు ఉండేవి. కోస్టారికా 1948లో సైన్యాన్నే రద్దు చేసి ఆ డబ్బు చదువు, వైద్యం మీద పెట్టింది. ఇప్పటికీ దేశంగానే ఉంది.


కోట_బురుజు · వరంగల్ · ఆదివారం మధ్యాహ్నం 12.40

సార్ అడిగిన ప్రశ్నను మన ఊరు ఏడు వందల ఏళ్ల కింద ఎదుర్కొంది. నేను రోజూ ఖిల్లా దారిలోనే పనికి పోతాను కాబట్టి నాకు ఇది పుస్తకం సంగతిలా అనిపించదు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

రాతి కోటను గణపతిదేవుడు మొదలుపెట్టాడు. రుద్రమదేవి దాని ఎత్తు పెంచి, బయట మట్టి కోట, దాని చుట్టూ కందకం కట్టించింది. రాతి గోడకు 45 బురుజులు. ప్రతాపరుద్రుని కాలానికి ఒక్కో బురుజు కాపలా ఒక్కో నాయకునికి అప్పగించారు. ఆ నాయకులకు ఊళ్లు ఇచ్చేవారు. ఆ ఊళ్ల రాబడితోనే వాళ్లు సైన్యాన్ని పోషించాలి. అంటే సైనికుని కూడు నేరుగా పొలం నుంచి వచ్చేది. పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులు కూడా ఆ కాకతీయుల కాలంలోనే తవ్వారు. చెరువా కోటా అని వాళ్లు తేల్చుకోవాల్సి రాలేదు. చెరువు కింద పండితేనే బురుజు మీద మనిషి నిలబడేది. 1244లో మోటుపల్లి రేవులో గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం ఉంది. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును ఇంతకు ముందు రాజులు లాక్కునేవారు, మేం సుంకం తప్ప ఏమీ తీసుకోం అని వ్యాపారులకు ఇచ్చిన మాట అది. వ్యాపారం వస్తేనే గుర్రాలు వస్తాయి. రక్షణ ఖర్చు, రాబడి రెండూ ఒకే మనసులో ఉండేవి.

ఇక దాడుల సంగతి. 1303లో అల్లావుద్దీన్ ఖిల్జీ పంపిన సేన ఉప్పరపల్లి దగ్గర ఓడి వెనక్కి పోయింది. 1309లో మాలిక్ కాఫూర్ బయలుదేరి వచ్చాడు. మట్టి కోట ఎంత గట్టిదో ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో ఆశ్చర్యపడి రాశాడు. అయినా కందకం పూడ్చారు, మట్టి కోట దాటారు. 1310లో ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, నగలు ఇచ్చి ఏటా కప్పం కట్టడానికి ఒప్పుకున్నాడు. శాంతి_బాట గారూ, దీన్ని గమనించండి. యుద్ధం ఖర్చు తప్పించుకోవడానికి కప్పం కట్టారు. కానీ కప్పం వాళ్ల ఆకలి తీర్చలేదు, దారి చూపించింది. 1318లో ఢిల్లీ సేనాని ఖుస్రో ఖాన్ వచ్చాడు. ఆ తర్వాత ఉలుగ్ ఖాన్, తర్వాతి రోజుల్లో మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు, వచ్చి ముట్టడించాడు. ఆ మొదటి ముట్టడి విఫలమైంది. దేవగిరికి వెనక్కి పోయాడు. కొన్ని నెలలకే కొత్త బలగంతో తిరిగి వచ్చాడు. 1323లో కోట పడిపోయింది.

ముట్టడి ఎత్తేసినప్పుడు కోటలో ఎలా ఉండి ఉంటుందో నేను ఎన్నోసార్లు ఊహించుకున్నాను. గండం గడిచింది అనుకుని ఉంటారు. గోడలు నిలబడే ఉన్నాయి. కానీ మొదటి ముట్టడిలో ఖర్చయిన తిండి, మనుషులు, గుర్రాలు అన్ని నెలల్లో ఎట్లా తిరిగి వస్తాయి? వాళ్ల వెనక ఢిల్లీ ఉంది. మళ్లీ నింపుకుని రావడం వాళ్లకు సాధ్యమైంది. నా అభిప్రాయంలో ఓరుగల్లు గోడ బలహీనత వల్ల పడలేదు. రెండోసారికి కావలసిన నిల్వ లేక పడింది. కీర్తి తోరణాల దగ్గర ఫొటోలు దిగే ప్రతి ఒక్కరికీ ఇది చెప్పాలనిపిస్తుంది.


నర్సంపేట_మక్కచేను · నర్సంపేట · ఆదివారం మధ్యాహ్నం 1.25

పాఖాల కింద నా ఎకరంన్నర ఉంది. ఆ చెరువు నీళ్లతోనే నాటు వేస్తం. కోటకు, చెరువుకు ఈ సంబంధం నాకు ఎవరూ చెప్పలేదు. చాలా థాంక్స్ అన్నా.


నిట్_పాతబ్యాచ్ · ప్రస్తుతం హైదరాబాద్ · ఆదివారం సాయంత్రం 4.10

కోట_బురుజు గారు చెప్పిన నిల్వ దగ్గరే నేనూ ఆగుతాను. ఎందుకంటే నేను చేసే పని అదే. వరంగల్ నిట్‌లో మెకానికల్ చదివి, ఇప్పుడు క్షిపణుల విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న యూనిట్‌లో ప్రొడక్షన్ చూస్తాను. మన రాష్ట్రంలో ఈ పని పాతదే. భారత్ డైనమిక్స్ 1970లో, ప్రత్యేక లోహాల మిధాని 1973లో హైదరాబాద్‌లో వచ్చాయి. ఎద్దుమైలారంలో సైన్యం కోసం సాయుధ వాహనాలు చేస్తారు. 2025 మేలో డ్రోన్లు, క్షిపణులను అడ్డుకున్న వాటిలో మన ఆకాశ్ క్షిపణి కూడా ఉంది. ఆ వార్త విన్న రోజు మా షాప్ ఫ్లోర్‌లో కొందరు ఏడ్చారు.

2017లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఒక నివేదిక ఇచ్చింది. సైన్యానికి కీలకమైన 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజుల యుద్ధానికి కూడా సరిపోవని అందులో ఉంది. ఉండాల్సింది నలభై రోజులకు. ఆ తర్వాత అత్యవసర కొనుగోళ్లతో పరిస్థితి చక్కబడింది. కానీ అప్పుడు కూడా మనం ప్రపంచంలో ఎక్కువ ఖర్చు పెట్టే మొదటి అయిదారు దేశాల్లోనే ఉన్నాం! టీవీలో చూపించడానికి యుద్ధ విమానం బాగుంటుంది. గోదాములో పెట్టెలు పేర్చిన షెల్స్‌ను ఎవరూ చూపించరు. అందుకే బడ్జెట్ బిగిసినప్పుడు ముందు కోత వాటికే పడుతుంది.

యూరప్‌కు కూడా ఇదే జరిగింది. 2023 మార్చిలో ఏడాదిలో పది లక్షల ఫిరంగి గుండ్లు ఉక్రెయిన్‌కు ఇస్తామని యూరోపియన్ యూనియన్ మాట ఇచ్చింది. ఏడాది గడిచేసరికి సగం దగ్గర ఉన్నారు. డబ్బు లేక కాదు. ముప్పై ఏళ్లు ఆర్డర్లు లేక లైన్లు మూసేశారు, పనివాళ్లు వెళ్లిపోయారు. డబ్బు పెట్టిన మర్నాడు ఫ్యాక్టరీ లేచి నిలబడదు. మన తేజస్ యుద్ధ విమానం సంగతి చూడండి. 2021 ఫిబ్రవరిలో 83 విమానాలకు సుమారు 48 వేల కోట్ల ఆర్డర్ ఇచ్చారు. ఇంజిన్లు బయటి దేశం నుంచి రావాలి, అవి ఆలస్యమయ్యాయి, విమానాలు ఆలస్యమయ్యాయి. 2025 సెప్టెంబర్‌లో మిగ్-21లు రిటైరయ్యాక వాయుసేనకు ఉండాల్సిన 42 స్క్వాడ్రన్లలో 29 మిగిలాయి. డబ్బు కేటాయించాం, బలం రాలేదు.

నా సొంత అనుభవం ఒకటి. మేం సరుకు ఇచ్చిన ఒక పెద్ద సంస్థ నుంచి ఎనిమిది నెలలు బిల్లు రాలేదు. మా ఓనర్ బంగారం తాకట్టు పెట్టి జీతాలు ఇచ్చారు. ఆ మధ్యలో ఇద్దరు సీఎన్‌సీ ఆపరేటర్లు కార్ల విడిభాగాల కంపెనీకి వెళ్లిపోయారు. అందులో ఒకతను పదకొండేళ్లుగా ఒకే భాగం చేస్తున్నాడు. వెంట్రుకలో పదో వంతు తేడా వేలితో తడిమి చెప్పేవాడు. ఆ చెయ్యిని మళ్లీ ఏ టెండర్‌తో కొంటాం? రక్షణ ఖర్చు పెంచండి అనే ముందు, పెట్టిన ఖర్చు సమయానికి చివరి మనిషి దాకా చేరేలా చూడండి అని నేను చేతులు జోడించి అడుగుతాను.


శాంతి_బాట · నిజామాబాద్ · ఆదివారం సాయంత్రం 5.00

నిట్ తమ్ముడూ, నీ పోస్టు చదివాక నా మనసు కొంచెం కదిలింది. కానీ పహల్గామ్ గురించి నేను అడిగిన ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు.


పరకాల_హవల్దార్ · పరకాల · ఆదివారం సాయంత్రం 6.45

అడిగిన్రు కాబట్టి చెప్తా. మీ మాట సగం నిజం సార్. కొందరు తుపాకులతోని పహల్గామ్ దగ్గరి బైసరన్ మైదానంలోకి వచ్చుడును రఫేల్ విమానం ఆపదు. దాన్ని ఆపేది ఇంటెలిజెన్స్, ఊరి మనుషుల నమ్మకం, ఆ మైదానం దగ్గర కాపలా. అది వేరే పని, వేరే పైసలు. మే 7న మనం దాడి చేసినంక నాలుగు రోజులల్ల కాల్పులు ఆగినయ్. అది పెద్ద యుద్ధం కాకుండా ఆగిందంటే రెండు దిక్కులా పెద్ద ఆయుధాలు ఉన్నయ్ అనే భయం పనిచేసింది. కానీ మళ్లీ పహల్గామ్ జరగదు అని నేను మాట ఇయ్యలేను. ఎవరైనా మాట ఇస్తే నమ్మకండి.

కోస్టారికా సంగతి నాకు తెల్వదు, ఎవరన్న చెప్పాలె.


సుబేదారి_పాఠకురాలు · హన్మకొండ · ఆదివారం సాయంత్రం 7.10

నేను చెప్తాను కాకా. సైన్యం రద్దు చేసిన ఆ 1948 డిసెంబర్‌లోనే నికరాగువా వైపు నుంచి కోస్టారికా మీదికి సాయుధులు వచ్చారు. అమెరికా ఖండాల దేశాలన్నీ ఒకరికొకరు అండగా ఉంటామని 1947లో రియోలో చేసుకున్న ఒప్పందాన్ని కోస్టారికా ఆశ్రయించింది. మిగతా దేశాలు కల్పించుకుని ఆపించాయి. అంటే వాళ్ల రక్షణ ఖర్చు సున్నా కాదు, వేరేవాళ్ల ఖాతాలో ఉంది. మనకు అలా తోడు నిలబడతామని సంతకం పెట్టిన దేశం ఏదీ లేదు. ఉక్రెయిన్‌కు 1994లో బుడాపెస్ట్‌లో అణ్వాయుధాలు వదులుకున్నందుకు హామీ పత్రం ఇచ్చారు. ఆ పత్రం మీద సంతకం పెట్టిన రష్యానే 2014లో క్రిమియా తీసుకుంది, 2022లో యుద్ధానికి వచ్చింది. 2024లో ఉక్రెయిన్ తన జీడీపీలో మూడో వంతు యుద్ధానికే పెట్టింది. శాంతి_బాట గారి మీద గౌరవంతోనే చెప్తున్నాను, కోస్టారికా దారి మన పొరుగులో పనిచేయదు.


వెంకటాపురం_గోదారి · ములుగు జిల్లా · ఆదివారం రాత్రి 8.20

ఒక చిన్న మాట. మా వైపు కర్రెగుట్టల దగ్గర మాకు కనపడే బలగాలు సీఆర్‌పీఎఫ్. ఆ ఖర్చు రక్షణ పద్దులో ఉండదు, హోం శాఖది. పాకిస్తాన్ సరిహద్దు చూసే బీఎస్‌ఎఫ్ కూడా అంతే, దానికి 2025-26లో 28 వేల కోట్ల పైన. చైనా వైపు ఐటీబీపీ కూడా హోం శాఖ కిందే. సార్ పిల్లలకు లెక్క చెప్పేటప్పుడు ఇవి కలపకపోతే లెక్క పూర్తి కాదు.


మంథని_అక్క · మంథని · ఆదివారం రాత్రి 9.05

నేను మాట్లాడొచ్చో లేదో అనుకుంటూ పొద్దున్నుంచి చదువుతున్నాను. మా తమ్ముడు అగ్నివీర్. మూడేళ్లు నిండుతున్నాయి. పొద్దున నాలుగున్నరకు లేచి గోదావరి కట్ట మీద పరుగెత్తేవాడు. నేను స్కూటీ మీద వెనక వెళ్లి టైమ్ చూసేదాన్ని. సెలెక్ట్ అయిన రోజు బాపు ఊరందరికీ స్వీట్లు పంచాడు.

నాలుగేళ్లకు నలుగురిలో ఒకరినే ఉంచుతారు. మిగతావాళ్లకు సుమారు 11.7 లక్షలు ఇచ్చి పంపిస్తారు, పెన్షన్ ఉండదు. పెన్షన్ల ఖర్చు 1.61 లక్షల కోట్లు అని పైన చదివాను, అది తగ్గించాలనే కదా ఇదంతా. దేశానికి మిగిలే ఆ డబ్బు మా తమ్ముడి ఇరవై అయిదో ఏట నుంచి మొదలయ్యే జీవితంలోంచి వస్తుంది. 2022 జూన్‌లో ఈ పథకం వద్దని సికింద్రాబాద్ స్టేషన్‌లో జరిగిన ఆందోళనలో కాల్పులకు చనిపోయిన అబ్బాయి వరంగల్ జిల్లా వాడే. ఆ రోజు మా తమ్ముడు అన్నం తినలేదు. అయినా మళ్లీ పరుగుకు పోయాడు.

వాడు అక్కడ మనసు పెట్టి పనిచేస్తున్నాడు. ఫోన్‌లో ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యడు. కానీ హవల్దార్ అన్నా, నాలుగేళ్లకే ఇంటికి పంపేసే పిల్లాడిని చూసి ఆ అవతలి దుర్భిణి వాడు ఏం రాసుకుంటాడు?


పరకాల_హవల్దార్ · పరకాల · ఆదివారం రాత్రి 9.50

చెల్లె, తమ్ముడు బాగుంటడు. మూడేళ్ల సర్వీసు అయిన పిల్లగాడు పోస్టు మీద పులి లెక్క ఉంటడు, అది నేను చూసిన. దమ్ము, చూపు అప్పుడే మంచిగుంటయ్. భయం వాడి గురించి కాదు. పదేళ్ల అనుభవం ఉన్న నాయక్ సెక్షన్‌ల లేకపోతే వాడికి చెప్పేటోడు ఎవరు? మంచు ఏ దిక్కు జారుతదో, చెవికి వచ్చిన శబ్దం జంతువుదా మనిషిదా, ఇవి పదేళ్లకు గాని రావు. నలుగురిలో ఒక్కడు చాలడు, సగం మందిని అన్నా ఉంచాలె అని నా గట్టి అభిప్రాయం. ఎక్కడికి పోయినా ఈ మాట చెప్తున్న.


కరీంనగర్_పద్దులు · కరీంనగర్ · ఆదివారం రాత్రి 10.15

మంథని అక్కగారూ, లెక్క ప్రకారం ఒక నిజం చెప్పాలి. ఈ పద్ధతి వల్ల పెన్షన్ మిగులు వెంటనే రాదు. ఒక సిపాయి పదిహేను, పదిహేడేళ్లు చేశాక పెన్షన్ మొదలవుతుంది. కాబట్టి 2022లో ఆపిన పెన్షన్ తాలూకు ఆదా 2037 తర్వాతే కనపడుతుంది. అప్పటిదాకా ఇప్పటికే ఉన్న పెన్షన్లు పెరుగుతూనే ఉంటాయి. ఈ పదేళ్లలో విమానాలు, మందుగుండుకు డబ్బు అక్కడి నుంచి వస్తుందని ఎవరైనా చెప్తే అది సరికాదు. మీ తమ్ముడి బాధ్యత మోయడానికి దేశానికి డబ్బు లేదని నేను నమ్మను.


భద్రకాళి_బండ్ · హన్మకొండ · సోమవారం రాత్రి 8.30

ఇవాళ క్లాసులో ఏం జరిగిందో చెప్పాలి.

ముందు హవల్దార్ గారి నోట్‌బుక్ చెప్పాను. క్లాసును రెండు జట్లు చేసి, ఒక జట్టును అవతలి పోస్టు అనుకోమన్నాను. మన దగ్గర ఏ ఖాళీలు చూస్తారో రాయమన్నాను. ఇరవై నిమిషాల్లో బోర్డు నిండిపోయింది. తెగిన రోడ్డు, పాత విమానం, షెల్ కోసం ఎదురుచూసే ఫిరంగి, జీతం రాని ఫ్యాక్టరీ మనిషి, నమ్మకం పోయిన సరిహద్దు ఊరు. ఒక అబ్బాయి "ఎరువు దొరకని రైతు" అని రాశాడు. దాని మీద చాలాసేపు వాదన అయింది, చివరికి ఉంచాం. రెండో జట్టుకు 6.81 లక్షల కోట్లు ఇచ్చి, ముందు ఏ ఖాళీ మూస్తారో చెప్పమన్నాను. ఏ ఇద్దరి జాబితా ఒకేలా రాలేదు. ఎంత అనే అంకె నేను చెప్పలేదు. ఆ అమ్మాయి కూడా మళ్లీ అడగలేదు.

ఆమె అడిగింది వేరే. గల్వాన్‌లో 2020 జూన్ 15న సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబుతో కలిపి ఇరవై మంది పోయిన సంగతి ఆమెకు తెలుసు. ఆ దగ్గరి నుంచే లద్దాఖ్‌లో చైనా సరిహద్దు దగ్గరున్న దౌలత్ బేగ్ ఓల్డీకి 255 కిలోమీటర్ల రోడ్డు పోతుందని చెప్పాను. "సార్, ఆ రోడ్డు ఏటా బాగుచేసే డబ్బు ఏ పద్దులో ఉంటుంది? అది పెరుగుతోందా, తగ్గుతోందా?" అంది. కరీంనగర్ అన్నా, మీకు తెలిస్తే చెప్పండి. హవల్దార్ గారూ, గురువారం మూడో పీరియడ్‌కు మీరు రాగలరా? పిల్లలు అడగమన్నారు.


కరీంనగర్_పద్దులు · కరీంనగర్ · సోమవారం రాత్రి 9.02

సరిహద్దు రహదారుల సంస్థ, బీఆర్‌ఓ. కొత్త పనులకు మూలధనం కింద 2024-25లో 6,500 కోట్లు, 2025-26లో 7,146 కోట్లు. పెరుగుతోంది. ఉన్న రోడ్ల మరమ్మతుది రెవెన్యూ వైపు, అంటే రోజువారీ ఖర్చుల వైపు, విడిగా ఉంటుంది. రేపు డిమాండ్ల పుస్తకంలో ఆ పేజీ తీసి, గత అయిదేళ్లది వరుసగా రాసి పెడతాను. ఆ అమ్మాయికి ఇవ్వండి.


పరకాల_హవల్దార్ · పరకాల · సోమవారం రాత్రి 9.20

వస్త సార్. పొద్దున బస్సుకే బయలుదేరుత. నా పాత దుర్భిణి ఉంది, పిల్లలకు చూపించడానికి తెస్త.